ఇల్లు చూపించకముందే 3% కమీషన్‌కి సంతకం పెట్టమంటున్నారు, ఇది మామూలేనా? (డల్లాస్)

ప్రాస్పర్_ప్రయాణం
ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు ఇల్లు చూస్తున్నాం. బడ్జెట్ 5.5 లక్షల డాలర్ల లోపు. మా వదినకి తెలిసిన ఏజెంట్ ఒకాయన ఉన్నారు, మన తెలుగాయనే. శనివారం రెండిళ్లు చూపిస్తానని చెప్పి శుక్రవారం రాత్రి ఒక అగ్రిమెంట్ పంపారు, ఫోన్లోనే సంతకం పెట్టేయమని. చదివితే ఆయనకి 3%, గడువు ఆరు నెలలు, ఏరియా డల్లాస్ ఫోర్ట్‌వర్త్ మొత్తం. ఆ ఆరు నెలల్లో మేం ఏ ఇల్లు ఎవరి ద్వారా కొన్నా ఆయన డబ్బు ఆయనకి రావాలి, సెల్లర్ ఇవ్వకపోతే మేం ఇవ్వాలి అని రాసుంది. 2021లో కొన్న ఫ్రెండ్స్ అందరూ "ఏజెంట్‌కి మనం పైసా ఇవ్వం, అంతా సెల్లరే చూసుకుంటాడు" అనేవాళ్లు. 5.5 లక్షల మీద 3% అంటే 16,500 డాలర్లు. ఇంకా ఇల్లే చూడకుండా అంత డబ్బుకి సంతకం ఎలా పెట్టేది? అడిగితే "ఇప్పుడు రూలే అంత, సంతకం లేకుండా తలుపు తియ్యకూడదు" అన్నారు. చుట్టాల తరఫు మనిషి కావడంతో గట్టిగా మాట్లాడలేకపోతున్నాం. టెన్షన్‌గా ఉంది, ఈ మధ్య కొన్నవాళ్లు చెప్పండి.

ఎడిసన్_ఆవకాయ
ఆయన చెప్పిన రూల్ నిజమే, 2024 ఆగస్టు 17 నుంచి ఉంది. ఎమ్మెల్లెస్‌లో (అమ్మకానికున్న ఇళ్ల వివరాలు ఏజెంట్లు పెట్టే ఉమ్మడి జాబితా) ఉన్న ఏజెంట్ ఇల్లు చూపించాలంటే ముందు కొనేవాళ్లతో రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలి. కానీ 3% ఉండాలని గానీ, ఆరు నెలలు ఉండాలని గానీ ఆ రూల్‌లో ఎక్కడా లేదు. అవి ఆయన నింపిన అంకెలు. మీరు మార్చమని అడగొచ్చు.

కందిపొడి
మాకు 2022లో ఇలాంటిదేం లేదే. ఒక్క ఫోన్ చేస్తే ఏజెంట్ కారేసుకుని వచ్చేవాడు, అది కూడా టీ తాగి వెళ్లమంటే టైం లేదనేవాడు.

ఎడిసన్_ఆవకాయ
@కందిపొడి అది పాత కాలం అండి. మిజోరీలో ఇళ్లు అమ్ముకున్నవాళ్లు కేసు వేశారు, "కొనేవాడి ఏజెంట్‌కి కూడా మా చేత ఎందుకు కట్టిస్తున్నారు" అని. 2023 అక్టోబరు 31న కాన్సస్ సిటీ జ్యూరీ వాళ్ల పక్షాన తీర్పిచ్చింది, సుమారు 178 కోట్ల డాలర్ల నష్టపరిహారం. ఆ తర్వాత 2024 మార్చిలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 41.8 కోట్ల డాలర్లకి రాజీకి వచ్చి రూల్స్ మార్చింది. ఇప్పుడు బయ్యర్ ఏజెంట్‌కి ఎంతిస్తామో సెల్లర్లు ఎమ్మెల్లెస్ లిస్టింగ్‌లో పెట్టకూడదు. బయట ఫోన్లో అడిగి తెలుసుకోవచ్చు, ఆఫర్‌లో రాసి కోరొచ్చు, ఎమ్మెల్లెస్‌లో మాత్రం కనబడదు.

సెలైనా_సుబ్బు
అంటే ఇప్పుడు సెల్లర్ ఇవ్వట్లేదా? మా పక్కింటివాళ్లు మొన్న అమ్మారు, బయ్యర్ ఏజెంట్‌కి 2.5% ఇచ్చామన్నారే.

లైసెన్స్_ఉన్నవాణ్ణి
ఇక్కడ డల్లాస్‌లోనే ఏజెంట్‌గా పని చేస్తున్నా కాబట్టి డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో కొంచెం వివరంగా రాస్తా.

ఇల్లు అమ్మేవాళ్లు తమ ఏజెంట్ పని చేసే బ్రోకరేజ్‌తో లిస్టింగ్ అగ్రిమెంట్ రాసుకుంటారు. చాలా ఏళ్లుగా అది మొత్తం 5 నుంచి 6% ఉండేది, అందులో దాదాపు సగం కొనేవాళ్లని తెచ్చిన ఏజెంట్ వైపు వెళ్లేది. క్లోజింగ్ రోజు, అంటే ఇల్లు చేతులు మారే రోజు, డబ్బు, పత్రాలు చూసే టైటిల్ కంపెనీ లెక్క కట్టి, సెల్లర్‌కి వెళ్లాల్సిన డబ్బులోంచి రెండు బ్రోకరేజ్‌లకీ పంపిస్తుంది. ఏజెంట్ చేతికి నేరుగా రాదు. బ్రోకర్ తన వాటా తీసుకుని మిగతాది ఏజెంట్‌కి ఇస్తాడు. ఆ వాటా ఒక్కో ఆఫీసులో ఒక్కోలా ఉంటుంది. దాంట్లోంచి మా పెట్రోలు, ఎమ్మెల్లెస్ ఫీజులు, ఇన్సూరెన్స్, పన్నులు పోవాలి. క్లోజింగ్ జరగకపోతే అన్ని వారాలు తిరిగినదానికీ సున్నా. ఇంతమందిని తిప్పి చూపించాక చివర్లో ఓపెన్ హౌస్‌లో కలిసిన ఇంకో ఏజెంట్‌తో సైన్ చేసేవాళ్లు ఉంటారు, అందుకే అగ్రిమెంట్ మాకూ కావాలి. దాంట్లో తప్పేం లేదు.

ఇప్పుడు @ప్రాస్పర్_ప్రయాణం గారి విషయం. కొత్త రూల్ ప్రకారం అగ్రిమెంట్‌లో మా ఫీజు కచ్చితమైన అంకెగా ఉండాలి. శాతం కావచ్చు, ఫ్లాట్ ఫీజు కావచ్చు, గంటకింత అని కూడా కావచ్చు. "సెల్లర్ ఎంతిస్తే అంత" అని వదిలెయ్యకూడదు. కమీషన్‌ని చట్టం నిర్ణయించలేదని, బేరం ఆడుకోవచ్చని అందులోనే స్పష్టంగా రాసుండాలి. మీ కాపీలో వెతకండి, ఉంటుంది. ఇంకోటి, రాసుకున్నదానికన్నా ఒక్క డాలర్ కూడా ఎక్కువ ఎవరి దగ్గరా తీసుకోకూడదు. మీరు 2% కి రాసుకుంటే, సెల్లర్ 3% ఇస్తానన్నా ఆ తేడా ఏజెంట్‌కి రాదు.

సుబ్బు గారూ, చాలామంది సెల్లర్లు ఇప్పటికీ ఇస్తున్నారు. కానీ ఇస్తారన్న గ్యారంటీ లేదు. ఆఫర్ వేసేటప్పుడే అడగాలి.

మల్కాజిగిరి_మధు
సెల్లర్ ఇస్తాడు, సెల్లర్ ఇస్తాడు అంటారు గానీ క్లోజింగ్ టేబుల్ మీదికి డబ్బు తెచ్చేది ఒక్క కొనేవాడే కదా? ధరలో కలిపే ఉంటుంది. ఫ్రీ అని ఇన్నేళ్లు చెప్పడమే నాకు నచ్చని విషయం.

లైసెన్స్_ఉన్నవాణ్ణి
@మల్కాజిగిరి_మధు ఒప్పుకుంటా, ఫ్రీ అనకూడదు. కానీ కొనేవాళ్లకి తేడా నిజంగానే ఉంది. సెల్లర్ ఇస్తే అది ఇంటి ధరలో కలిసి లోన్‌లోకి వెళ్తుంది, నెల నెలా కట్టుకుంటారు. మీరే ఇవ్వాలంటే క్లోజింగ్ రోజు చేతిలో నగదు ఉండాలి, మామూలు లోన్‌లో ఏజెంట్ ఫీజు విడిగా కలపనివ్వరు. డౌన్‌పేమెంట్ కష్టం మీద కూడబెట్టిన కుటుంబానికి 16 వేలు అదనంగా తెమ్మంటే ఇల్లే చేజారిపోతుంది. అందుకే ఆఫర్‌లో సెల్లర్‌ని అడగడం మీద ఇంత పట్టుబడతాం.

వరంగల్_వాణి
బ్యాంకులో పని చేస్తా కాబట్టి దీనికి ఒకటి కలుపుతా. కన్వెన్షనల్ లోన్‌లో డౌన్‌పేమెంట్ 10% కన్నా తక్కువైతే సెల్లర్ ఇచ్చే క్లోజింగ్ సాయం 3% దాటకూడదని పరిమితి ఉంటుంది. అయితే సెల్లర్ ఇవ్వడం మామూలుగా ఉన్న చోట బయ్యర్ ఏజెంట్ ఫీజుని ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ (బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే సంస్థలు) ఆ పరిమితిలో లెక్కెయ్యవు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇది తెలియక, ఏజెంట్ ఫీజు అడిగితే ఇంక వేరే సాయం అడగకూడదనుకుంటున్నారు. ఆఫర్ వేసే ముందు మీ లోన్ ఆఫీసర్‌ని ఒక్కసారి అడగండి.

బేరం_బాబాయ్
నా అభ్యంతరం వేరే. 2.5% తీసుకునే మనిషి నా తరఫున ధర ఎందుకు తగ్గిస్తాడు? ధర పెరిగితే ఆయనకే లాభం కదా.

లైసెన్స్_ఉన్నవాణ్ణి
20 వేలు తగ్గితే 2.5% లెక్కన బ్రోకరేజ్‌కి తగ్గేది 500 డాలర్లు. దానికోసం ఎవరూ మిమ్మల్ని మోసం చెయ్యరు.

బేరం_బాబాయ్
అదే నేననేది కూడా. 500 కోసం మోసం చెయ్యడు, నా 20 వేల కోసం పోట్లాడడు కూడా. ఆయనకి కావాల్సింది డీల్ అయిపోవడం. ఇన్‌స్పెక్షన్‌లో ఏదైనా బయటపడితే "చిన్న విషయమే సార్" అనేది అందుకే. ఫ్లాట్ ఫీజు రాసుకుంటే నయం అని నా గట్టి అభిప్రాయం.

కందిపొడి
ఫ్లాట్ ఫీజు ఇచ్చినా డీల్ అయితేనే కదా ఇస్తారు, మరి ఆ తొందర అప్పుడూ ఉంటుంది కదా బాబాయ్?

బేరం_బాబాయ్
అదీ నిజమే.

మెకిన్నీ_మాధవి
అందరూ డబ్బు గురించే రాస్తున్నారు, పని గురించి నేను రాస్తా. మా ఏజెంట్ చైనీస్ ఆవిడ, మావాళ్లెవరికీ తెలీదు. మాకు నచ్చిన ఒక ఇంటి ట్యాక్స్ రేటు చూసి, ఇది మడ్‌లో (నీళ్లు, డ్రైనేజీ కోసం విడిగా పన్ను వేసే జిల్లా) ఉంది, పక్క కాలనీలో అయితే పిడ్ (రోడ్లు, పార్కుల లాంటి వసతుల ఖర్చు ఇళ్ల మీద వేసే ఏర్పాటు) అసెస్‌మెంట్ ఏటా వేరేగా వస్తుంది, ముప్పై ఏళ్లకి లెక్కేస్తే మీ నెల ఖర్చు ఇంతవుతుంది అని కాగితం మీద వేసి చూపించింది. మేం జిల్లోలో చూసి తక్కువ ధర అని సంబరపడిన ఇల్లే నెల నెలా ఖరీదైనదిగా తేలింది. ఇంకో ఇంట్లో తలుపులు సరిగ్గా మూసుకోవడం లేదని గమనించి స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించింది. డల్లాస్ చుట్టూ బంకమట్టి నేల, వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది, ఫౌండేషన్ కదులుతుంది. కాంట్రాక్టు తర్వాత వద్దనుకునే హక్కుండే ఆప్షన్ పీరియడ్‌లోనే బయటికొచ్చాం, ఆప్షన్ ఫీజు, ఇన్‌స్పెక్షన్ ఖర్చు పోయాయంతే, ఎర్నెస్ట్ మనీ, అంటే బయానా, మొత్తం వెనక్కొచ్చింది. ఆ డీల్ పోయినందుకు ఆవిడకి రూపాయి రాలేదు. అలాంటి మనిషికి 2.5% ఇవ్వడానికి నాకు ఏ బాధా లేదు.

సెలైనా_సుబ్బు
మాధవి గారూ ఆ పిడ్ సంగతి మా కాలనీలో చాలామందికి మొదటి ట్యాక్స్ బిల్లు వచ్చాక తెలిసింది. టెక్సాస్‌లో పిడ్ నోటీసు కాంట్రాక్టుకి ముందే ఇవ్వాలి, ఇస్తారు కూడా, కానీ సంతకాల కట్టలో ఎక్కడో ఉంటుంది. ఆ పేజీ తీసి చదివించే ఏజెంట్ దొరికితే వదలకూడదు.

ఫ్లవర్‌మౌండ్_ఫణి
కొత్త ఇల్లు బిల్డర్ దగ్గర కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. మా చెల్లెలు వాళ్లు ఆదివారం ఊరికే మోడల్ హోమ్ చూద్దామని వెళ్లారు. తలుపు దగ్గరే పేరు, ఫోన్ నంబరు రాయించుకున్నారు. ఆ కార్డులో "మీకు ఏజెంట్ ఉన్నారా" అనే గడి ఖాళీగా వదిలేశారు, అక్కడి సేల్స్ అమ్మాయి కూడా ఏం చెప్పలేదు. తర్వాత వాళ్ల ఏజెంట్‌ని తీసుకెళ్తే "మొదటి విజిట్‌లో లేరు కాబట్టి ఆయనకి కమీషన్ ఇవ్వం" అన్నారు. పోనీ ఆ మేరకు ధర తగ్గిస్తారా అంటే అదీ లేదు. ఆ సేల్స్ ఆఫీసులో కూర్చునేవాళ్లు ఎంత నవ్వుతూ మాట్లాడినా బిల్డర్ మనుషులే, బిల్డర్ తరఫునే పని చేస్తారు. ఊరికే చూడటానికైనా సరే, కార్డు మీద మీ ఏజెంట్ పేరు రాయండి.

గోదారి_గట్టు
ఫణి గారి మాటకి వంద దండాలు. మన వాళ్లు ఆదివారం బిర్యానీ తిన్నాక వెళ్లేది మోడల్ హోమ్స్‌కే.

నెల్లూరు_ఎన్నారై
అసలు విషయం ఎవరూ ఎత్తట్లేదు, రిబేట్. మా సర్కిల్‌లో కొత్త ఇళ్లకి ఏజెంట్లు 1%, ఒక్కోసారి 1.5% వెనక్కిస్తున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో పోటీ పడి చెప్తున్నారు. ఇల్లు మనమే వెతుక్కుని, కాలనీ మనమే ఎంచుకుని, ఆయన కాంట్రాక్టు రోజు ఒక్కసారి వస్తే 3% మొత్తం ఆయనకెందుకు?

ఎడిసన్_ఆవకాయ
అది లీగలేనా?

లైసెన్స్_ఉన్నవాణ్ణి
టెక్సాస్‌లో లీగలే, న్యూజెర్సీలో కూడా. కాన్సస్, అలబామా లాంటి కొన్ని రాష్ట్రాల్లో కుదరదు, కాబట్టి వేరే రాష్ట్రంలో ఉన్న ఫ్రెండ్ మాట నమ్మి అడగకండి. రెండు జాగ్రత్తలు. ఒకటి, ముందే రాతలో ఉండాలి, మా బ్రోకర్‌కి తెలిసి ఉండాలి. రెండు, లెండర్‌కి చెప్పి క్లోజింగ్ డిస్‌క్లోజర్‌లో (లోన్ చివరి లెక్కల కాగితం) చూపించాలి. "క్లోజింగ్ అయ్యాక చెక్కు ఇస్తా, ఎవరికీ చెప్పకండి" అనేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు, అది లోన్ విషయంలో మిమ్మల్ని కూడా చిక్కుల్లో పెడుతుంది. అలాగే ఫలానా లెండర్ దగ్గరికే వెళ్లమని పట్టుబట్టే ఏజెంట్‌ని ఎందుకో అడగండి. రిఫరల్ కోసం లెండర్ దగ్గర డబ్బు తీసుకోవడాన్ని రెస్పా చట్టం నిషేధించింది.

మెకిన్నీ_మాధవి
@నెల్లూరు_ఎన్నారై రిబేట్ ఎక్కువిచ్చేవాణ్ణి చూసి ఏజెంట్‌ని ఎంచుకుంటే, బిల్డర్‌తో గొడవొచ్చిన రోజు ఆయన ఫోన్ ఎత్తకపోతే ఏం చేస్తారు? కొత్త ఇంటికి కూడా ఇన్‌స్పెక్షన్ కావాలి, గోడలు మూసే ముందు ఒకసారి, చివర్లో ఒకసారి. ఆ రోజుల్లో రావాల్సిన మనిషి గురించి మాట్లాడుతున్నా.

నెల్లూరు_ఎన్నారై
3% తీసుకున్నవాళ్లు వస్తారన్న గ్యారంటీ ఏమైనా ఉందా అండి? మా ఫ్రెండ్ ఏజెంట్ పూర్తి కమీషన్ తీసుకుని ఫైనల్ వాక్‌త్రూకి కూడా రాలేదు. ఏమేం పనులు చేస్తాడో అగ్రిమెంట్‌లో రాయించుకుని, దాన్ని బట్టి ఎంతివ్వాలో మాట్లాడుకోవాలి.

కొండాపూర్_కిరాయి
హైదరాబాద్ నుంచి రాస్తున్నా, మీరు చెప్పేవి వింటే కనీసం అక్కడ కాగితం ఉంది అనిపిస్తోంది. ఇక్కడ పాత ఫ్లాట్ కొంటే బ్రోకర్ రెండు వైపులా తీసుకుంటాడు, 1% అనీ 2% అనీ నోటి మాటే. ఎవరి తరఫు మనిషో ఎవరికీ తెలీదు. కొత్త ప్రాజెక్టు అయితే బిల్డరే ఇస్తాడు, "మీరు రూపాయి ఇవ్వక్కర్లేదు సార్" అని అదే పాట ఇక్కడా. 2016 రెరా చట్టం సెక్షన్ 9 ప్రకారం రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించే ఏజెంట్‌కి కూడా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. పాత ఫ్లాట్ల రీసేల్‌కి మామూలుగా అది వర్తించదు, అక్కడే అసలు గందరగోళం.

మీలో ఊళ్లో కొనేవాళ్లకి ఒక మాట. ప్రీలాంచ్ అని వాట్సాప్‌లో పంపే ఏజెంట్లని దూరం పెట్టండి. రెరా రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టుకి అది రాకముందు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం సెక్షన్ 3 ప్రకారమే కుదరదు. అమ్మకం అగ్రిమెంట్ రిజిస్టర్ చెయ్యకుండా 10% మించి డబ్బు తీసుకోకూడదని సెక్షన్ 13లో ఉంది. ఈ రెండూ తెలియని ఎన్నారైలకే ఎక్కువ ఫోన్లు వస్తాయి.

గోదారి_గట్టు
మా అన్నయ్య ప్రీలాంచ్‌లో మొత్తం డబ్బు కట్టేశాడు, ఏళ్లు గడిచినా అక్కడ పునాది కూడా లేదు. ఏజెంట్ తన కమీషన్ మొదటి వారంలోనే తీసుకుని ఫోన్ నంబరు మార్చేశాడు. ఇది రాయకుండా ఉండలేకపోయా.

మోడరేటర్
హైదరాబాద్ ప్రీలాంచ్‌ల మీద వేరే చర్చ ఉంది, దాన్ని అక్కడ కొనసాగించండి. ఇక్కడ ప్రాస్పర్ గారి ప్రశ్నకి ఇంకా పూర్తి జవాబు రాలేదు.

టాంపా_తాతయ్య
బోర్డు మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసి సెల్లర్ ఏజెంట్‌తోనే కొంటే చవక అనుకునేవాళ్లున్నారు. మా ఫ్లోరిడాలో ఒకే మనిషి రెండు పక్షాలకీ పూర్తి ఏజెంట్‌గా ఉండటానికి చట్టం ఒప్పుకోదు, ట్రాన్సాక్షన్ బ్రోకర్‌గా ఉంటాడు, అంటే ఎవరి తరఫునా పోట్లాడడు. నిజాయితీగా ఉండాలి, డబ్బు లెక్క చెప్పాలి, నువ్వు ఎంతవరకు పెంచగలవో సెల్లర్‌కి చెప్పకూడదు, ఇలాంటి కొన్ని బాధ్యతలే. అయినా ధర విషయంలో నీ రహస్యం నువ్వే కాపాడుకోవడం మంచిది నాయనా. ఎంతవరకు వెళ్లగలవో ఆయనతో అనకు.

లైసెన్స్_ఉన్నవాణ్ణి
టెక్సాస్‌లో దాన్ని ఇంటర్మీడియరీ అంటారు. ఒకే బ్రోకరేజ్ రెండు వైపులా ఉండాలంటే ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఏజెంట్ మొదటి సంభాషణలోనే ఇవ్వాల్సిన ఒక కాగితం ఉంది, ఇన్ఫర్మేషన్ అబౌట్ బ్రోకరేజ్ సర్వీసెస్ అని. ఎవరు ఎవరి తరఫున పని చేస్తారో అందులో ఉంటుంది. అందరూ చదవకుండా వదిలేసేది అదే.

వరంగల్_వాణి
ప్రాస్పర్ గారూ, అసలు శనివారం చూసే రెండిళ్లకే అగ్రిమెంట్ రాయమని అడగండి. ఆ రెండిళ్ల అడ్రసులు మాత్రమే రాసి, వారం గడువు పెట్టి ఇచ్చే ఏజెంట్లున్నారు. ఆయన పని చూశాక పెద్ద అగ్రిమెంట్ మాట్లాడుకోవచ్చు. ఓపెన్ హౌస్‌కి మీ అంతట మీరే వెళ్తే ఏ సంతకం అక్కర్లేదు.

ఎడిసన్_ఆవకాయ
గడువు అయిపోయాక కూడా కొన్నాళ్లు పట్టుకునే క్లాజ్ ఉంటుంది, అది చూడండి. ఆయన చూపించిన ఇంటిని గడువు తర్వాత కొన్నా ఫీజు ఇవ్వాలి అని. న్యాయమైనదే, కానీ ఎన్ని రోజులు, ఏ ఇళ్లు అన్నది స్పష్టంగా ఉండాలి. న్యూజెర్సీలో ఇంటి కాంట్రాక్టుకి మూడు పనిదినాల అటార్నీ రివ్యూ ఉంటుంది, లాయర్ చూస్తాడు. టెక్సాస్‌లో ఆ అలవాటు లేదు కాబట్టి మీరే చదవాలి.

ప్రాస్పర్_ప్రయాణం
అందరికీ థాంక్స్. నిన్న ఆయనతో మాట్లాడాను, మా వదినని మధ్యలోకి తేకుండా నేరుగా. వాణి గారు చెప్పినట్టు ముందు రెండిళ్లకే అడిగితే కొంచెం నొచ్చుకున్నారు గానీ ఒప్పుకున్నారు. ఇళ్లు చూపించడం బాగానే చూపించారు, ఒక ఇంట్లో రూఫ్ మీద వడగళ్ల దెబ్బలున్నాయని ఆయనే చెప్పారు. ఆ తర్వాత పెద్ద అగ్రిమెంట్‌కి 2.25%, రెండు నెలలు, ప్రాస్పర్, సెలైనా మాత్రమే అన్నాం. కొత్త ఇంటికి బిల్డర్ ఎక్కువిస్తే ఆ తేడా మాకు రిబేట్‌గా ఇస్తానంటున్నారు, అది ఎలా రాయాలో తెలీట్లేదు. సెల్లర్ తక్కువిస్తే మిగతాది మేం ఇవ్వాలన్న లైన్ మాత్రం తీయనంటున్నారు.

లైసెన్స్_ఉన్నవాణ్ణి
ఆ లైన్ తీయకపోవడం సహజం, నేనూ తీయను. దానికి బదులు ప్రతి ఆఫర్‌లోనూ సెల్లర్‌ని ఆ 2.25% అడుగుతామని, సెల్లర్ ఒప్పుకోకపోతే ఆ ఇంటి మీద ముందుకెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టమని రాయించుకోండి. రిబేట్ మాట దగ్గర ఆగండి. ఏజెంట్ రాసుకున్నదానికన్నా ఎక్కువ తీసుకోకూడదు కాబట్టి, బిల్డర్ 3% ఇచ్చినా పైన ఉన్న 0.75% ఆయన తీసుకుని మీకివ్వడం కుదరదు. దాన్ని ధరలో గానీ క్లోజింగ్ ఖర్చులో గానీ తగ్గించమని బిల్డర్‌నే అడగండి. నిజంగా రిబేట్ కావాలంటే కొత్త ఇళ్లకి 3% అని రాసి, అందులోంచి 0.75% మీకు వెనక్కి అని అదే అగ్రిమెంట్‌లో రాయాలి. బిల్డర్ 3% కన్నా తక్కువిస్తే మీ రిబేట్ తగ్గుతుందా, మీ జేబులోంచి పోతుందా అన్నది కూడా ఒక లైన్.

బేరం_బాబాయ్
మధ్యలో పొసగకపోతే బయటికి రావడం ఎలా? అది కూడా అడిగారా?

ప్రాస్పర్_ప్రయాణం
అడిగాను, "నాకు నచ్చకపోతే నేనే వదిలేస్తా అండి, నోటి మాట చాలు" అన్నారు.

లైసెన్స్_ఉన్నవాణ్ణి
నోటి మాట చాలదు. ఆ అగ్రిమెంట్ మీకూ ఆ ఏజెంట్‌కీ మధ్య కాదు, మీకూ ఆయన బ్రోకరేజ్‌కీ మధ్య. ఆయన రేపు వేరే ఆఫీసుకి మారిపోయినా అది పాత బ్రోకరేజ్ దగ్గరే ఉంటుంది. ఇన్ని రోజుల ముందు ఈమెయిల్ ఇస్తే రద్దవుతుంది అని స్పెషల్ ప్రొవిజన్స్ గడిలో రాయించి, బ్రోకర్ తరఫు సంతకం ఉన్న కాపీ తీసుకుని దాచిపెట్టుకోండి.

ప్రాస్పర్_ప్రయాణం
సరే, రేపు పొద్దున్నే ఈమెయిల్‌లో ఈ రెండూ అడుగుతా, రద్దు క్లాజ్, కొత్త ఇళ్ల లెక్క. జవాబొచ్చాక రాస్తా.